పై పోర్షన్ ఎండాకాలంలో ఖాళీ కావద్దు: ఒక 200 గజాల ఇంటి ప్రాజెక్టు డైరీ

నవంబరు

హైదరాబాద్ తూర్పు అంచున, బోడుప్పల్ దాటాక ఒక వెంచర్‌లో 200 గజాల ప్లాటు. వెడల్పు 30 అడుగులు, లోతు 60. ముందు 30 అడుగుల రోడ్డు, పడమర ఫేసింగ్. ప్లాటు మా చిన్నాయనది. ఆర్టీసీలో రిటైరయ్యాక వచ్చిన డబ్బులకు కొంత బ్యాంకు లోను కలిపి ఇల్లు కడుతున్నాడు. కింద సగం పార్కింగ్, సగం ఒక చిన్న పోర్షన్. మొదటి అంతస్తులో చిన్నాయన, చిన్నమ్మ ఉంటారు. రెండో అంతస్తులో అద్దెకు రెండు సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్లు. డిజైన్ చేయడం, సైటు చూసుకోవడం నా పని. ఫీజు మాటెత్తితే చిన్నమ్మ అన్నం వడ్డిస్తోంది.

మొదటిసారి కూర్చున్నప్పుడు నేను ఎండ, గాలి, ఇన్సులేషన్ అంటూ మొదలుపెడితే చిన్నాయన మధ్యలోనే ఆపాడు. "గవన్నీ నాకు తెల్వది బిడ్డా. రామంతాపూర్ల ఇన్నేండ్లు పై పోర్షన్లనే కిరాయికున్నం. ఏప్రిల్ వచ్చిందంటే పక్క పోర్షనోళ్లు సామాను సదురుకునేటోళ్లు. ఓనరు జూన్ దాక టులెట్ బోర్డు పెట్టుకొని కూసునేటోడు. మన ఇల్లు అట్ల కావద్దు."

ఇంత స్పష్టంగా తనకేం కావాలో చెప్పిన క్లయింటు నాకు ఇంతవరకూ దొరకలేదు. ఈ ఊళ్లో అద్దె ఇళ్లు వేడెక్కడానికి అసలు కారణం కూడా ఇందులోనే ఉంది. గోడకు, స్లాబుకు డబ్బు పెట్టేది ఓనరు. ఉక్కపోత, కరెంటు బిల్లు కిరాయిదారుకు. ఓనరుకు నష్టం కనిపించేది ఇల్లు ఖాళీగా ఉన్న నెలల్లోనే. ఆ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకున్నవాడితో మాట్లాడటం తేలిక.

ఇంకొక సంగతి. ఇలాంటి ఇంటికి వేడి గురించి చట్టం ఏమీ అడగదు. ఇళ్ల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఇంధన పొదుపు నియమావళి, ఎకో నివాస్ సంహిత, 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న ప్లాట్ల కోసం రాసింది. మాది 167 మీటర్లే. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే పైకప్పు) విధానం నివాస భవనాల్లో 600 గజాలు, అంతకు మించిన ప్లాట్లకే తప్పనిసరి. మా వెంచర్‌లో అంత ప్లాటు ఒక్కటీ లేదు. హైదరాబాద్ చుట్టూ పెరుగుతున్న ఊరంతా ఇలా 150, 200 గజాల ముక్కలే. ఎత్తు 10 మీటర్లు దాటకపోతే సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద ఆన్‌లైన్‌లో వెంటనే పర్మిషన్ వస్తుంది. ఆ ఫారంలో ఎక్కడా పైకప్పు ఎంత వేడి లోపలికి వదులుతుందన్న ప్రశ్న ఉండదు. ఎవరూ అడగకపోయినా ఎకో నివాస్ సంహిత అంకెలనే మా ఇంటికి కొలబద్దగా పెట్టుకుంటున్నాను.

డిసెంబరు

ప్లాను మీద కూర్చున్నాను. పడమర ఫేసింగ్ అనగానే జనం మొహం చిట్లిస్తారు, ధర కూడా గజానికి కాస్త తక్కువే పలుకుతుంది. కాగితం మీద చూస్తే ఇది అంత చెడ్డ ప్లాటేమీ కాదు. లోతు తూర్పు–పడమరలుగా ఉంది కాబట్టి పొడుగు గోడలు ఉత్తరానికి, దక్షిణానికి వస్తాయి. పడమటి ఎండ తగిలేది పక్కల మీటరు చొప్పున వదిలాక మిగిలే 23 అడుగుల గోడకే.

దక్షిణం గోడతో పెద్ద పేచీ లేదు. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఎండాకాలంలో ఎలాగూ నడినెత్తినే. రెండడుగుల సజ్జ దక్షిణం కిటికీకి సరిపోతుంది. పడమర అలా కాదు. మే నెలలో సాయంత్రం 4 గంటలకు సూర్యుడి ఎత్తు 36 డిగ్రీలు, 5 గంటలకు 22. అదే రెండడుగుల సజ్జ 4 గంటలకు అడుగున్నర నీడ ఇస్తుంది, 5 గంటలకు పది అంగుళాలు. నాలుగడుగుల కిటికీకి అది చాలదు. మన వీధుల్లో నాలుగు వైపులా ఒకే కొలత సజ్జలు పోస్తారు. పడమటి సజ్జ వాన ఆపడానికి పనికొస్తుంది, ఎండ ఆపడానికి కాదు.

సరే, పడమర మూసేద్దామా? బాత్రూములు, అల్మారాలు అటు పెట్టి గోడ గట్టిగా కట్టేయడం పుస్తకాల్లో ఉండే ఉపాయం. కానీ ఇక్కడ గాలి వచ్చేది కూడా అటు నుంచే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచేవి నైరుతి, పడమటి గాలులు. ఎండాకాలం సాయంత్రం వచ్చే కాస్త గాలికి కూడా రోడ్డు ఒక్కటే దారి. ఉత్తరాన అప్పటికే మూడంతస్తుల ఇల్లు లేచింది. దక్షిణం ప్లాటు ఖాళీగా ఉన్నా రేపు అక్కడా లేస్తుంది. అప్పుడు రెండిళ్ల మధ్య మిగిలేది రెండు మీటర్ల సందు. అంటే ఎండా గాలీ ఒకే తలుపు గుండా రావాలి, ఒకదాన్ని ఆపి రెండోదాన్ని రానివ్వాలి. ఈ ఇంటి డిజైన్ అంతా ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరిగింది.

చివరికి కుదిరింది ఇది. పడమటి ముఖంలో ఉత్తరం సగం ఐదడుగులు లోపలికి జరిపి బాల్కనీ చేశాను. హాలు దాని వెనక ఉంటుంది. బాల్కనీకి బయటి అంచున మూడడుగుల పిట్టగోడ, దాని పైన సగం దూరం మట్టి జాలీ. మిగతా సగం తెరిచే ఉంటుంది, అక్కడ వెదురు తడక పైకీ కిందికీ చుట్టుకునేలా కొక్కేలు. మా నానమ్మ వాళ్లింట్లో వట్టివేళ్ల తడికలకు మధ్యాహ్నం నీళ్లు చల్లేవాళ్లు. అది ఇక్కడ ఎవరైనా చేస్తారని నేను అనుకోను. తడక దించితే చాలు. గాలి జాలీ గుండా హాల్లోకి వచ్చి, ఇల్లు దాటి, దక్షిణం మధ్యలో ఉన్న మెట్ల గదిలోకి పోయి, పైన మెట్ల గది నెత్తి మీద తూర్పు వైపు జాలీ నుంచి బయటికి పోవాలి. గాలి పడమర నుంచి కొట్టినప్పుడు తూర్పు వైపు లాగుడు ఉంటుంది కాబట్టి జాలీ అటే పెట్టాం.

దక్షిణం సగంలో, అంటే నైరుతిలో, మాస్టర్ బెడ్‌రూమ్. ఇది వాస్తు చూసినాయన పట్టు. వేడి లెక్కన ఇంట్లో అన్నిటికంటే చెడ్డ మూల అదే, రాత్రి పడుకునే గది దానికే వచ్చింది. వాదించి లాభం లేదు కాబట్టి పడమటి గోడ పొడవునా రెండడుగుల లోతు వార్డ్‌రోబ్ పెట్టి, కిటికీని దక్షిణానికి మార్చాను. బట్టలకు వేడి తగిలితే ఎవరికీ ఇబ్బంది లేదు. పైగా అదే వాస్తు వల్ల ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతి మీదికి వచ్చింది, ఆ గది నెత్తిన కాస్త నీడ పడింది.

జనవరి

డాలస్ నుంచి తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు, వీడియో కాల్. ఎలివేషన్ ఫొటోలు పంపాడు. అన్నిట్లోనూ ముందు భాగం కింద నుంచి పైదాకా నల్లద్దం. "మా ఫ్రెండ్సందరూ ఇలాగే కట్టారన్నా."

అద్దం ఎందుకు వద్దో అంకెతోనే చెప్పాను. గోడలు, కిటికీలు కలిపి లోపలికి వదిలే వేడిని సంహిత ఒక్క అంకెగా లెక్కకడుతుంది. అది చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. మన వాతావరణానికి ఆ సూత్రం వేసి చూస్తే తొమ్మిదంగుళాల ఇటుక గోడ కంటే మామూలు అద్దం అదే వైశాల్యానికి నాలుగైదు రెట్ల వేడి తెస్తుంది. పడమటి ముఖమంతా అద్దం పెడితే ఆ ఒక్క గోడే మిగతా మూడు గోడల పొదుపునూ తినేస్తుంది. "మరి ఏసీ పెట్టుకుంటరు గదా" అన్నాడు. "బిల్లు నువ్వు కడ్తవారా?" అని చిన్నాయన వెనక నుంచి అడిగాడు. మట్టి జాలీ బొమ్మ పంపాక తమ్ముడు మెత్తబడ్డాడు. రాత్రి లోపల లైటు వేస్తే బాగుంటుందని అతనే కనిపెట్టాడు.

గోడలు దేనితో కట్టాలన్నది ఇంకో పెద్ద చర్చ. యూ-విలువ అని ఒకటుంది. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరు గోడ గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెబుతుంది. తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడకు అది సుమారు 2. ఖర్చు తగ్గించడానికి చాలామంది వాడే ఆరంగుళాల సిమెంటు దిమ్మెలకు 3 పైనే. ఎనిమిదంగుళాల ఏఏసీ బ్లాకుకు, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మెకు, 0.8కి అటూ ఇటూ. మా ఊరి టవర్లలో ఇప్పుడు ఎక్కడ చూసినా అల్యూమినియం ఫార్మ్‌వర్క్ (అచ్చులు) పెట్టి గోడలు కూడా కాంక్రీటే పోసేస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం కట్టిన టిడ్కో ఇళ్లకు వాడిన షియర్ వాల్ (కాంక్రీటు గోడ) కూడా ఆ కోవలోదే. పని వేగంగా అవుతుంది, గోడ గట్టిది. కానీ ఆరంగుళాల కాంక్రీటు వేడిని ఆపే విషయంలో సిమెంటు దిమ్మె కంటే మెరుగేమీ కాదు. వేలమందికి ఒకేసారి ఇల్లివ్వాలంటే వేగం కావాలి, కాదనను. ఆ గోడకు బయట ఇన్సులేషన్ పొర ఒకటి వేసే లెక్క కూడా అదే టెండర్లో ఉండాలన్నది నా గొడవ.

మేం తేల్చుకున్నది: గ్రౌండ్ ఫ్లోర్‌కు ఫ్లైయాష్ ఇటుక, పైన రెండు అంతస్తులకు ఏఏసీ. కింద బండ్లు తగులుతుంటాయి, తేమ ఉంటుంది. ఏఏసీ ఈ రెండింటికీ ఓర్చుకోదు.

ఫిల్లర్ స్లాబు కూడా ఆలోచించాం. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ వాడి చూపించినట్టు స్లాబు అడుగు భాగంలో పెంకులు పెట్టి పోస్తే కాంక్రీటు తగ్గుతుంది. నాకు ఇష్టమే. మా మేస్త్రి ఎప్పుడూ పోయలేదు. చిన్నాయన ప్రశ్న మాత్రం వేరే: "రేపు పైన పెంట్‌హౌస్ ఏస్తే?" పర్మిషన్ రెండు అంతస్తులకేనని చెప్పాను. "ఊరంతా ఏస్తున్నరు గదా" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఫిల్లర్ స్లాబు పక్కకు పోయింది.

ఫిబ్రవరి – ఏప్రిల్

భూమిపూజ, పునాదులు, ప్లింత్ బీములు, గ్రౌండ్ స్లాబు. ఇందులో కొత్తగా రాసేదేమీ లేదు. సెంట్రింగ్ వాళ్లు ఎప్పటిలాగే రేపొస్తామన్నారు, ఎల్లుండి వచ్చారు. ఈశాన్యంలో సంపు, ముందు ఇంకుడు గుంత.

ఒక చిన్న తలనొప్పి ఎత్తు దగ్గర వచ్చింది. పై అంతస్తు పదకొండు అడుగులు చేద్దామని చిన్నమ్మ కోరిక. పాత ఇళ్లు ఎత్తుగా ఉండేవి కాబట్టి చల్లగా ఉండేవని. ప్లింత్ రెండడుగులు, మూడంతస్తులు పదేసి అడుగులు వేస్తేనే 9.75 మీటర్లు. 10 మీటర్ల గీత దగ్గర ఇంక మిగిలింది పది అంగుళాలే. అయినా పైకప్పుకు ఇన్సులేషన్ లేకుండా ఎత్తు ఒక అడుగు పెంచితే వచ్చే లాభం తక్కువ. వేడి స్లాబు కింద పడుకున్నవాడికి అది పదడుగుల్లో ఉన్నా పదకొండులో ఉన్నా వేడే.

మే

9వ తేదీ. హైదరాబాద్‌లో నీడ మాయమయ్యే రోజు. సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. మళ్లీ ఆగస్టు 3న అంతే. ఈ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి కూడా వంగుతాడు. జనం ఉత్తరం గోడకు ఎండే తగలదనుకుంటారు గానీ జూన్‌లో తగులుతుంది. అయితే ఆ రోజుల్లో అన్ని గోడల కంటే ఎక్కువ ఎండ తాగేది పైకప్పు. పై పోర్షన్ సంగతి తేలేది అక్కడే.

ఉత్తరం ఇంటాయన తన డాబా మీదికి రానిచ్చాడు. కోబా (స్లాబు మీద పరిచే ఇటుక ముక్కల పొర) మీద సిమెంటు ఫినిషింగ్, నల్లబడింది. మధ్యాహ్నం రెండింటికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే 60 దాటింది. ముందురోజు ఒక మూల చాపంత మేర సున్నం కొట్టించి ఉంచాను. అక్కడ 45 లోపే. ఆయన సున్నం మీద చెయ్యి పెట్టి చూశాడు. నల్లని చోట పెట్టి వెంటనే తీసేశాడు. మా మేస్త్రి చెప్పింది ఇంకా బాగుంది: "పగలు సంగతి ఇడిశిపెట్టు సార్. రాత్రి పన్నెండింటికి గూడ ఈ స్లాబు పెనం లెక్కనే ఉంటది."

అదే జరుగుతుంది. కాంక్రీటు వేడిని వెంటనే వదలదు, కొన్ని గంటలు ఆలస్యంగా లోపలికి దించుతుంది. మధ్యాహ్నం ఎండ రాత్రి పడకగదిలో తేలుతుంది. బయట మే నెల రాత్రి 26, 27 డిగ్రీలకు దిగినా లోపల ఫ్యాను వేడిగాలే తిప్పుతుంది.

తెల్ల పైకప్పు గురించి మన ఊళ్లోనే మంచి పని జరిగింది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ కలిసి ఇక్కడి భవనాల మీద కొలిచి 2012లో అచ్చువేసిన అధ్యయనంలో, నల్లని పైకప్పును తెల్లగా మారిస్తే ఏసీకి పోయే కరెంటు 14 నుంచి 26 శాతం తగ్గింది. 2017లో దేవరకొండ బస్తీలో 25 చిన్న ఇళ్ల మీద తెల్లని పొర పరిచి చూస్తే లోపల సగటున 2 డిగ్రీల తేడా వచ్చింది. రెండు డిగ్రీలంటే కాగితం మీద చిన్న అంకె. ఏసీ లేని గదిలో నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య తేడా చాలాసార్లు అంతే.

జూలై

వానల్లో గోడ కట్టుబడి. ఏఏసీతో మా మేస్త్రికి సయోధ్య నెమ్మదిగా కుదురుతోంది. మొదటి అభ్యంతరం మేకులు: "కిరాయోళ్లు క్యాలెండర్ కొడితే ఊడొస్తది సార్." నిజమే, మామూలు మేకు ఇందులో నిలవదు. ప్లాస్టిక్ ప్లగ్గు, స్క్రూ పెట్టాలి. ఫ్రిజ్, టీవీ, దేవుడి గూడు వచ్చే చోట్లు ముందే గుర్తించి అక్కడ గట్టి దిమ్మెలు పెట్టించాను. రెండో భయం పగుళ్లు. కాంక్రీటు బీమూ బ్లాకూ కలిసే చోట జాలీ పట్టీ కొట్టకుండా ప్లాస్టరింగ్ చేస్తే తప్పకుండా గీతలు పడతాయి. చాలాచోట్ల దీనికి బ్లాకును తిడతారు, తప్పు పట్టీ కొట్టనివాడిది. సిమెంటు మాలుకు బదులు సన్నటి జాయింట్ అధెసివ్ వాడుతున్నాం. రోజూ గోడకు నీళ్లు పట్టే పని తప్పింది. ట్యాంకర్ నీళ్లతో కట్టే వెంచర్‌లో ఇది చిన్న విషయమేమీ కాదు.

ఒక లోడులో చాలా బ్లాకులు మూలలు విరిగి వచ్చాయి. సప్లయరు వెనక్కి తీసుకోనన్నాడు, దారిలో వాన అన్నాడు, డ్రైవరు అన్నాడు. కొంత డబ్బు తగ్గించాడు చివరికి. విరిగిన ముక్కలు బాత్రూముల పల్లపు స్లాబులు నింపడానికి పనికొచ్చాయి. ఇటుక ముక్కల కంటే బరువు తక్కువ.

ఏసీల గురించి చిన్నమాట. అద్దె పోర్షన్లలో ఏసీ పెట్టుకోరని అనుకోవడం అమాయకత్వం. పెట్టుకుంటారు. అందుకే పైపు దారి, నీళ్లు పోయే గొట్టం గోడలోనే ఇచ్చాం. ఔట్‌డోర్ యూనిట్లు మాత్రం పక్క సందులోకి కాకుండా వెనక తూర్పు గోడ మీద పై ఎత్తున వచ్చేలా కడ్డీలు పెట్టాం. రెండు మీటర్ల సందులో రెండిళ్ల యూనిట్లు ఎదురెదురుగా వేడి ఊదుకుంటే ఎవరూ కిటికీ తెరవలేరు.

ఆగస్టు

కిటికీలు. నాకు ఎప్పుడూ ఎక్కువ టెన్షన్ ఇక్కడే.

సంహిత ప్రకారం హైదరాబాద్ లాంటి చోట తెరుచుకునే కిటికీ వైశాల్యం కార్పెట్ ఏరియాలో కనీసం 12.5 శాతం ఉండాలి. పై పోర్షన్ ఒక్కోటి సుమారు 480 అడుగులు. అంటే 60 చదరపు అడుగులు తెరుచుకోవాలి. ఇప్పుడు అందరూ పెట్టేది యూపీవీసీ స్లైడింగ్. అందులో ఒక రెక్క ఇంకో రెక్క వెనక దాక్కుంటుంది కాబట్టి ఎంత పెద్ద కిటికీ పెట్టినా తెరుచుకునేది సగమే. నాలుగు బై నాలుగు కిటికీకి 8 అడుగులు. అదే రెక్కలు బయటికి తెరుచుకునే కిటికీకి దాదాపు 14. రెండు కిటికీలు, బాల్కనీ తలుపు, వంటింటి కిటికీ, బాత్రూమ్ వెంటిలేటర్లు కలిపితే 60 దగ్గరికి వచ్చాం. స్లైడింగ్‌తో వచ్చేవాళ్లం కాదు.

అయితే రెక్క బయటికి తెరుచుకుంటే గ్రిల్లు ఎక్కడ, దోమల మెష్ ఎక్కడ? గ్రిల్లు లోపలి వైపు, చెయ్యి దూరేంత సందుతో. మెష్ ఇంకా లోపల, స్లైడింగ్ రెక్కగా. చూడ్డానికి కొంచెం గజిబిజిగా ఉంది. కానీ దొంగల భయం, దోమల బెడద తీరకపోతే రాత్రి కిటికీ ఎవరూ తెరవరు. తెరవకపోతే ఈ గాలి లెక్కలన్నీ వృథా. మే నెలలో పగటికీ రాత్రికీ పదమూడు డిగ్రీల దాకా తేడా ఉండే ఊరు మనది. రాత్రి చల్లగాలిని లోపలికి తెచ్చి స్లాబునూ నేలనూ చల్లబరచుకుంటే మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ చలువ పనికొస్తుంది.

విజయవాడలో ప్రాక్టీస్ చేసే ఫ్రెండు ఈ డ్రాయింగులు పంపమన్నాడు. పంపాను గానీ అలాగే వాడొద్దని చెప్పాను. అక్కడ రాత్రుళ్లు కూడా ఉక్క. రాత్రి చలువ దాచుకునే ఉపాయం అక్కడ అంతగా నడవదు. నీడ, గాలి తగలడం, ఇవే ముఖ్యం. సంహిత కూడా అలాంటి తేమ ప్రాంతాలకు తెరుచుకునే వైశాల్యం 16.66 శాతం అడుగుతుంది.

వెనక పోర్షన్ ఇంకా నన్ను పీకుతూనే ఉంది. దానికి రోడ్డు గాలి రాదు. మెట్ల గది వైపు తలుపు పైన ఎత్తులో వెంటిలేటర్లు ఇచ్చాం. మెట్ల గది జాలీకి పావురాల వల ముందే బిగించాం. హైదరాబాద్‌లో జాలీ పెట్టి వల మర్చిపోతే ఆ ఇల్లు పావురాలదే.

అక్టోబరు – నవంబరు

వానలు తగ్గాక పైకప్పు. ఉత్త ఐదంగుళాల స్లాబు యూ-విలువ 3.5 పైనే. నాలుగంగుళాల ఇటుక ముక్కల కోబా వేస్తే రెండున్నర దగ్గరికి వస్తుంది. సంహిత అడిగేది 1.2 లోపు. రెండంగుళాల ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని ఆపే గట్టి నురుగు పలక) వేస్తే 0.5 దాకా దిగుతుంది. ఇంతకంటే పొదుపైన అంగుళాలు ఈ ఇంట్లో ఇంకెక్కడా లేవు.

చిన్నాయనకు ఫాల్స్ సీలింగ్ వాళ్లెవరో చెప్పారట, కింద పీఓపీ కొట్టిస్తే అదే చల్లగా ఉంటుందని. అందం కోసమైతే కొట్టించుకోవచ్చు. వేడికి మాత్రం దుప్పటి పైన ఉండాలి. పైన ఉంటే స్లాబు నీడలో ఉండి, రాత్రి చల్లబడి, పగలు గదికి తోడుంటుంది. కింద పెడితే స్లాబు ఎండలో కాలుతూనే ఉంటుంది.

పొరలు ఇలా వచ్చాయి: స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్, దాని మీద ఎక్స్‌పీఎస్, దాని మీద వాలు కాంక్రీటు, అన్నిటి పైన తెల్ల టైల్సు ముక్కలు. పెయింటు బదులు టైల్సు ముక్కలు ఎంచుకోవడానికి చిన్నమ్మే కారణం. డాబా మీద వడియాలు పెట్టాలి, బట్టలు ఆరెయ్యాలి, నడిస్తే పూత లేచిపోకూడదు. తెలుపు పనిచేసేది తెల్లగా ఉన్నంతకాలమే. ఈ దుమ్ముకు ఏడాదిలో సగం మెరుపు పోతుంది. ఉగాది ముందు ఒకసారి కడగాలని గోడ మీదే రాయించాను.

ఖర్చు: ఇన్సులేషన్ పొర వరకూ కొటేషన్ 80 వేలకు దగ్గరగా వచ్చింది. చిన్నాయన కాగితం మీద లెక్క వేశాడు. రెండు పోర్షన్లు, తొమ్మిదేసి వేల అద్దె, ఎండాకాలంలో రెండేసి నెలలు ఖాళీ అంటే ఏటా 36 వేలు. "రెండేండ్లు చిల్లర" అని పెన్ను పక్కన పెట్టాడు. కరెంటు ఆదా మాటే ఎత్తలేదు.

డిసెంబరు

ఫ్యాన్లు, సోలార్.

గృహజ్యోతి వచ్చాక, అంటే 2024 మార్చి నుంచి, తెలంగాణలో అర్హత ఉన్న కుటుంబానికి నెలకు 200 యూనిట్ల లోపు జీరో బిల్లు. కిరాయిదారులకూ వర్తిస్తుంది. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. 195 యూనిట్ల ఇల్లు, 205 యూనిట్ల ఇల్లు వాడకంలో ఒకటే, జేబులో మాత్రం చాలా దూరం. ఎండాకాలంలో ఆ గీత దాటించేది కూలింగే. మామూలు ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 30. రెండు ఫ్యాన్లు రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 67 యూనిట్లకు బదులు 27. ఆ నలభై యూనిట్లు చాలా ఇళ్లను గీతకు ఇవతల ఉంచుతాయి. అందుకే పోర్షన్లలో బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఓనరే బిగించి ఇస్తున్నాడు. ఖాళీ చేసేటప్పుడు విప్పుకుపోతారేమో అన్నది ఆయన భయం. అగ్రిమెంటులో రాయించాడు.

సోలార్ 3 కిలోవాట్లు. కేంద్రం సూర్యఘర్ పథకం కింద సబ్సిడీ 78 వేలు, 3 కిలోవాట్లు దాటినా అంతకు మించదు. రోజుకు సగటున 12 యూనిట్లు రావాలి. ఇదంతా చిన్నాయన మీటరుకే. పోర్షన్ల మీటర్లు వేరు, వాటికి పంచే తేలికైన దారి నాకు దొరకలేదు. ప్యానెళ్లను ఎనిమిదడుగుల స్తంభాల మీద ఎత్తి, ట్యాంకు కూడా వాటి నీడలోకి వచ్చేలా చేశాం. మే నెల మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి కాలే అనుభవం ఈ ఊళ్లో ఎవరికి లేదు?

నేల విషయంలో చిన్నమ్మ గెలిచింది, ఆమె అంతస్తులో మెరిసే టైల్సు. పోర్షన్లకు, మెట్లకు, బాల్కనీలకు పాలిష్ చేసిన తాండూరు రాయి.

మార్చి

ముందు పోర్షన్లో పోచారంలో ఉద్యోగం చేసే జంట దిగారు. వెనక పోర్షన్లో ఆటో నడిపే ఆయన కుటుంబం. వాళ్లలో ఎవరికీ ఇప్పటికైతే ఏసీ లేదు.

ఉత్తరం ఇంటి పై పోర్షన్లో ఒకటి, మా పై పోర్షన్లో ఒకటి చిన్న టెంపరేచర్ రికార్డర్లు పెట్టాను. రాత్రి తొమ్మిది, పది మధ్య వాళ్ల సీలింగు 37 దగ్గర ఉంటే మాది 31, 32. గదిలో గాలి తేడా అంత లేదు, మూడు డిగ్రీలకు అటూ ఇటూ. వాళ్లవి కిటికీలు రాత్రంతా మూసి ఉంటాయి, మావాళ్లు తెరుస్తున్నారు. కాబట్టి ఈ తేడా అంతా పైకప్పుదే అని చెప్పను. మే చూడాలి.

వెనక పోర్షన్ ముందు పోర్షన్ కంటే ఒక డిగ్రీ వేడిగానే ఉంటోంది. మెట్ల గది వెంటిలేటర్లు వంట వాసన బయటికి పోతోందని వాళ్లు మూసేశారు. ముందు పోర్షన్ వాళ్లు తడకలు మధ్యాహ్నం దించడం లేదు, ఇద్దరూ ఆఫీసులో ఉంటారు. పొద్దున వెళ్లేటప్పుడే దించి వెళ్లమని చెప్పాను. చిన్నమ్మ తాళం చెవి తీసుకుని నేనే దించుతానంది. అది వద్దని చెప్పాల్సి వచ్చింది.

ఉత్తరం ఇంటాయన తన డాబాకు ఏం చేయొచ్చో అడిగాడు. కట్టేసిన ఇంటికి గోడలు మార్చలేం. ఆయన బడ్జెట్లో అయ్యేది పగుళ్లు పూడ్చి, నాచు గీకి కడిగి, రెండు పూతల కూల్ రూఫ్ పెయింటు. అంత కూడా ఇప్పుడు వద్దనుకుంటే సున్నంలో ఫెవికాల్ కలిపి కొట్టించుకోవచ్చు. వాన వచ్చేదాకా పనిచేస్తుంది. ఆయన సున్నానికే మొగ్గాడు. ఆదివారం మనుషులొస్తున్నారు, నా రికార్డరు అక్కడే ఉంచమన్నాను.